ఊరి నీటికి పద్దు రాసిన సీమ

పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి రాసేవాళ్లు ఎక్కువగా దాన్ని ఇంజనీరింగు ఘనతగానే చెబుతూ వచ్చారు. ఆ ఘనత నిజమే. శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో, విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఇప్పటి వైఎస్సార్ కడప జిల్లాలోని పోరుమామిళ్ల దగ్గర అనంతరాజసాగరం అనే ఈ చెరువు కట్టించాడు. కొండల మధ్య ఉన్న ఖాళీలను మట్టికట్టలతో మూసి, ఆ కట్టలకు కడప బండలు పరిచి, మాలదేవి ఏటి నీళ్లను నిలబెట్టారు. రెండేళ్లపాటు రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాతిపనికి వంద బండ్లు తిరిగాయని శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను కూడా అది వరసగా చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం ఎరిగిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యటి నీళ్ల ఏరు, పొడవైన రాళ్లు దొరికే గని మొదలైనవి అందులో ఉన్నాయి. చివరి అంగం కట్టడంలో చేయితిరిగిన పనివాళ్ల బృందం. ఉండకూడని దోషాలు ఆరు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఇంత తెలిసినవాళ్లు మన సీమలో ఉన్నారని గర్వపడటం సహజం. అయితే ఆరున్నర శతాబ్దాలు ఒక చెరువు నిలవడానికి కట్టినవాళ్ల తెలివి ఒక్కటే చాలదు. వానకు కట్ట కోసుకుపోతుంది, తూము పూడిపోతుంది, కట్ట మీద కంపచెట్లు మొలిచి వేళ్లతో మట్టిని వదులు చేస్తాయి. ఏటేటా ఎవరో ఒకరు ఆ పని చూడాలి, చూసినందుకు వాళ్లకు కూడు దొరకాలి. కర్నూలు, కడప సీమల్లో ఊరికి పారే నీళ్లు వచ్చిన చరిత్ర ప్రధానంగా ఈ రెండో సంగతి మీదే నడిచిందని నా వాదన. అందరూ కలిస్తే నీళ్లొస్తాయన్న మాట సగం నిజం. కలిసినవాళ్లలో ఎవరి పని ఎంత, ఎవరి వాటా ఎంత అన్నది పద్దులోకి ఎక్కినంత కాలం ఇక్కడ నీళ్లు పారాయి. పద్దును చెరిపేసి శ్రమను మాత్రం ఊరి బాధ్యతగా వదిలేసినప్పుడల్లా ఆగిపోయాయి.

ఆ పద్దుకు ఈ ప్రాంతంలో పాత పేరు దశబంధం. చెరువు కట్టినవాడికి, తెగిన కట్టను మళ్లీ పోయించినవాడికి, బావి తవ్వించినవాడికి ఆ నీటి కింద సాగయ్యే భూమిలోనో, దాని మీద వచ్చే శిస్తులోనో ఒక భాగాన్ని మాన్యంగా రాసిచ్చేవారు. అది తండ్రి నుంచి కొడుక్కి దక్కేది. రాయలసీమ శాసనాల్లో ఈ ఏర్పాటు పదే పదే కనిపిస్తుంది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కంపెనీ రెవెన్యూ అధికారులు కూడా దశబంధం ఇనాములను ఒక ప్రత్యేక తరగతిగానే లెక్కలోకి తీసుకున్నారు. ఈ మాన్యానికి ఒక షరతు ఉంది. పొందినవాడు చెరువును బాగుచేస్తూ ఉండాలి. కట్ట తెగి ఆయకట్టు బీడుపడితే అతని మాన్యం కూడా బీడుపడుతుంది. బాగుచేయవలసినవాడి సొంత లాభాన్ని తెచ్చి చెరువు నీళ్లకే ముడిపెట్టిన ఏర్పాటు ఇది. విజయనగర కాలపు శాసనాల్లో దీనికి తోడుగా మరో రకం మాన్యాలు ఉన్నాయి. చెరువులో పూడిక తోలే బండ్లకు, వాటిని లాగే పశువుల మేతకు, తోలే మనిషి తిండికి భూమి కేటాయించేవారు. పూడిక తీయడం పుణ్యకార్యమని ఊరికే చెప్పి వదిలేయలేదు. బండి, ఎద్దు, మనిషి అని విడివిడిగా లెక్కగట్టి ప్రతిదానికీ ఆదాయం చూపించారు. శిలల మీద చెక్కిన ఆ చిల్లర లెక్కలను చూస్తే నాకు రాజుల బిరుదుల కన్నా ఎక్కువ గౌరవం కలుగుతుంది.

రాతి మీదికి ఎక్కని ఏర్పాటు ఇంకొకటి ఉంది. చెరువు తూము దగ్గర అది బాగా అర్థమవుతుంది. పాత తూములో, కట్టకు లోపలి వైపు, నీళ్లలో రెండు నిలువు రాతి స్తంభాలుంటాయి. వాటిని కలుపుతూ ఒకదాని కింద ఒకటి అడ్డబండలు, ప్రతి బండ నడుమ ఒక రంధ్రం. ఆ రంధ్రాల గుండా పొడవాటి కర్ర ఒకటి కిందికి దిగి, అడుగున బండకు తొలిచిన కన్నంలో బిరడాలా కూర్చుంటుంది. కర్ర కొసను కిందికి పోయేకొద్దీ సన్నగా చెక్కుతారు కాబట్టి బెత్తెడు ఎత్తితే కొద్ది నీళ్లు, మూరెడు ఎత్తితే ఎక్కువ నీళ్లు కట్ట కింది గుండా కాలువలోకి పోతాయి. ఆ కర్రను ఎప్పుడు, ఎంత ఎత్తాలన్నది నీరుగంటి పని. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి ఎత్తాలి. రాత్రి వాన ముంచుకొస్తే మరవ దగ్గర కాపు కాయాలి. నీళ్లు చాలని ఏడు ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అన్న గొడవలో మాట తూగకుండా నిలబడాలి. దీనికి ప్రతిఫలం కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ప్రతి రైతూ ఇచ్చే మేర. పంట పండితేనే మేర కాబట్టి ఆయకట్టు చివరి మడి ఎండటం నీరుగంటికి కూడా నష్టమే. ఆ మడి గురించి పట్టించుకోవలసిన అవసరం అతనికి ఈ మేర వల్ల ఉండేది.

చెరువు లేని ఊళ్లలో ఊట కాలువలు ఉండేవి. ఊరికి పారే నీళ్లు తెచ్చుకున్న ఉమ్మడి శ్రమకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించదు. పెన్న, పాపాఘ్ని, చెయ్యేరు లాంటి ఏళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు పైకి నీళ్లు కనపడవు. ఇసుక మాత్రమే ఉంటుంది. ఇసుకలో కొంత లోతుకు తవ్వితే ఊట తగులుతుంది. ఊరి రైతులు తమ పొలాల దగ్గర మొదలుపెట్టి, ఏటికి ఎగువగా, ఏటి వాలు కన్నా తక్కువ వాలుతో కాలువ తవ్వుకుంటూ పోయేవారు. ఎగువకు పోయేకొద్దీ కాలువ అడుగు ఇసుక కింద లోతుకు దిగుతుంది, ఒకచోట ఊటను తాకుతుంది. అక్కడి నుంచి నీళ్లు ఏ ఎద్దూ లాగకుండా, ఏ యంత్రమూ తిప్పకుండా తమంతట తామే పొలాల దాకా నడిచి వస్తాయి. పక్కల ఇసుక జారకుండా కంప, రెల్లు కట్టలు పేర్చేవారు. ఇంత శ్రమా ఒక్క వరదకు పూడిపోతుంది. వరద తగ్గాక మళ్లీ తవ్వాలి. ఏటా తవ్వవలసిన కాలువకు శ్రమ పంపకం స్పష్టంగా లేకపోతే రెండో ఏడు ఎవరూ పార పట్టుకుని రారు. అందుకే ఎవరికి ఎంత మడి ఉందో అంతకు తగ్గట్టుగా మనుషులను పంపాలన్న కట్టుబాటు ఉండేది. మనిషిని పంపనివాడు నీళ్ల వరసలో వెనక్కి పోయేవాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇవన్నీ రాజులు, పాలెగాళ్లు, ఊరి పెద్దలు నడిపినవే కదా, వీటిని జనం ఉమ్మడి శ్రమ అని ఎలా అంటావని. అది సబబైన ప్రశ్న. పోరుమామిళ్లలో రోజుకు వెయ్యి మంది రావడం భాస్కరుడి అధికారం లేకుండా జరిగేది కాదు. పక్కనే కంభం చెరువు, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లాలోనే ఉండేది, అది కూడా రాజకుటుంబాల కథలతో ముడిపడిందే. అయితే పెద్ద చెరువులు కొన్నే. ఊరూరా ఉన్న చిన్న చెరువులు, కుంటలు, ఊట కాలువలు లెక్కకు మిక్కిలి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ కొత్త చెరువు కట్టడానికి అనువైన చోటు దాదాపు మిగల్లేదని, అలాంటి ప్రతి చోటునూ జనం ఎప్పుడో వాడుకున్నారని రాశాడు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే, అదీ నమ్మకం లేకుండా పడే నేలలో అన్ని చెరువులను ఏ ఒక్క రాజూ కట్టించి ఉండడు. రాజు చేసింది పద్దుకు పూచీ పడటం. పార పట్టింది, గంప మోసింది ఊరివాళ్లు, ముఖ్యంగా మట్టిపని, రాతిపని తరతరాలుగా చేసిన వడ్డెరలు.

కంపెనీ పాలనలో ఈ పద్దు ఎలా చెదిరిందో చూస్తే నా వాదనకు గట్టి ఆధారం దొరుకుతుంది. 1807లో వెళ్లిపోయే ముందు మన్రో మొత్తం మీద శిస్తును నాలుగో వంతు తగ్గించాలని, చెరువుల కింద, బావుల కింద ఉన్న భూములకు మూడో వంతు దాకా తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పట్లో ఒప్పుకోలేదు. పండినదాంట్లోంచి మొదట సర్కారు శిస్తు పోవాలి. ఆ తర్వాత మిగిలినదాంట్లో మేరలు, మరమ్మతులు. మిగిలేదే తక్కువైనప్పుడు మొదట ఆగేవి మరమ్మతులే. 1839లో కర్నూలు నవాబు రాజ్యం కూడా కంపెనీ కిందికి వచ్చింది. మద్రాసు రాజధానిలో ప్రజాపనుల మీద సర్కారు పెడుతున్న ఖర్చు ఎంత తక్కువో 1852 నాటి కమిషన్ నివేదిక చెప్పింది. అప్పుడు ప్రభుత్వం కుడిమరామత్తు అనే మాటను పట్టుకుంది. చెరువుల చిన్న మరమ్మతులు పూర్వం నుంచీ రైతులే ఉచితంగా చేసుకునేవారని, ఆ ఆచారాన్ని అమలుచేయాలని వాదించింది. 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. కట్ట తెగే ప్రమాదం ఉంటే ఊరివాళ్లను పిలిచి పనిచేయించే అధికారం, ఆచారంగా చేయవలసిన పనికి రానివాళ్ల నుంచి డబ్బు వసూలు చేసే అధికారం అందులో ఉన్నాయి. చట్టం కాగితం మీద మిగిలింది, చెరువులు పూడుతూనే పోయాయి. కారణం వెతకడం కష్టమేమీ కాదు. పాత పద్దులో రెండు వైపులు ఉండేవి. ఒకవైపు శ్రమ, మరోవైపు మాన్యం, మేర, నీటి వరసలో హక్కు. సర్కారు రెండో వైపును శిస్తులో కలిపేసుకుని మొదటి వైపును ఆచారం పేరుతో ఊరికి వదిలింది. తమిళనాడు చెరువుల చరిత్ర రాసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ మోస్, కుడిమరామత్తును పురాతన గ్రామ స్వయంపాలనగా చూపడంలో వలస ప్రభుత్వపు అవసరం ఎంత ఉందో వివరించాడు. ఖర్చు తప్పించుకోవాలనుకునే ప్రభుత్వానికి ఊరి ఐకమత్యాన్ని పొగడటం ఎంత సులువో ఆయన పుస్తకం చదివితే తెలుస్తుంది.

ఫలితం 1876-78 కరువులో బయటపడింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ కరువుకు వానలేమి ఒక్కటే కారణమని చెప్పలేం, చెరువులు బాగుంటే కరువే వచ్చేది కాదనీ చెప్పలేం. రెండు వరస వానలు పోతే నిండు చెరువు కూడా ఎండుతుంది. కానీ చెరువుల దుస్థితిని కరువు కమిషన్ తర్వాత ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది, 1883లో మద్రాసు రాజధాని అంతటా చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. దీనికి పక్కనే మరో ప్రయోగం జరిగింది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, పదిలక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ ఇవ్వగా, 1860ల్లో తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ తవ్వించింది. సుమారు 300 కిలోమీటర్ల కాలువ, నిండా నది నీళ్లు. అయినా తొలి ఏళ్లలో రైతులు దాని నీళ్లు చాలా కొద్దిగానే తీసుకున్నారు. కుందేరు లోయ నల్లరేగడిలో జొన్న, పత్తి వాన మీదే పండేవి. నీటి తీరువ బరువు, పొలాలకు పిల్లకాలువలు లేవు. నీళ్ల వాటాలు ఊరితో మాట్లాడి రాసుకున్నవి కావు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. ఈ రోజు కేసీ కెనాల్ ఆయకట్టు కోసం ప్రాణం పెట్టే రైతుల ముత్తాతలు ఆ నీళ్లను మొదట వద్దనుకున్నారంటే, వాళ్లు తెలివితక్కువవాళ్లని అర్థం చేసుకోకూడదు. పెట్టుబడిదారుడికి రావలసిన వడ్డీ మీద ఒప్పందం ఉంది, రైతు మడికి అందవలసిన నీళ్ల మీద లేదు.

ఇక అతి గట్టి ఆక్షేపణకు వస్తాను. పాత పద్దులో ఎవరి పేర్లు ఉన్నాయి, ఎవరివి లేవు? మడి ఉన్నవాడికే నీళ్ల వాటా. మడి లేని మాల, మాదిగ పల్లెలకు చెరువు కింద చాకిరీ ఉంది, వాటా లేదు. నీరుగంటి పని చాలా ఊళ్లలో దళితులకే అప్పగించారు. ఆయకట్టులో భూమి లేనివాడైతే పక్షపాతం చూపడని నమ్మకం. అంత నమ్మకమైన పనికి ఇచ్చిన మేర మాత్రం రైతు కొలిచి పోసినంతే. తాగే నీళ్ల సంగతి మరీ ఘోరం. ఊరి బావి దగ్గర దళిత స్త్రీలు ఎవరైనా చేది పోస్తారా అని కడవలు పట్టుకుని దూరంగా నిలబడేవారు. 1950 నుంచి రాజ్యాంగంలోని 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కులం పేరిట ఏ ఆంక్షా చెల్లదని చెబుతోంది. అయినా 1985 జులైలో కారంచేడులో జరిగిన మారణకాండకు మొదలు తాము తాగే నీళ్లను మురికి చేయడాన్ని మాదిగలు అడ్డుకున్న సంఘటనే. అది కోస్తా ఊరు, కాలువ నీళ్లకు కొదవలేని ఊరు. నీళ్లు పుష్కలంగా ఉన్నంత మాత్రాన అందరికీ అందవు. కాబట్టి పాత ఊరిని తిరిగి తెమ్మని నేను అనడం లేదు. ఆ ఊరి దగ్గర నేర్చుకోవలసింది ఒక్క నియమమే. నీళ్లు ఇచ్చే మనిషికి ఏమివ్వాలో, పొందే ఇంటికి ఎంత రావాలో పనికి ముందే రాసుకోవాలన్న నియమం. ఆ కాగితంలో దళితవాడ చివరి ఇంటి పేరు కూడా ఉండాలి. పాత పద్దు ఆ పేరు రాయలేదు.

బోరు వచ్చాక నీళ్లు ఊరి సంగతిగా ఉండటం మానేశాయి. కపిల బావికి ఒక హద్దు ఉండేది. జత ఎద్దులు రోజంతా ఎన్ని తోలుబొక్కెనలు లాగగలవో అంతే నీళ్లు పైకి వచ్చేవి, రాత్రికి బావి మళ్లీ ఊరేది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఆ హద్దు లేదు. 1980ల్లో మీటరుతో పనిలేకుండా హార్స్‌పవర్ లెక్కన కరెంటు చార్జీ వచ్చింది, 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కరువు సీమ రైతుకు ఆ ఊరట అవసరమే, దాన్ని తప్పుపట్టే హక్కు నదుల కింద సాగుచేసుకునేవాళ్లకు లేదు. కానీ చీనీ తోటలను కాపాడుకోవడానికి ఒకరి తర్వాత ఒకరు లోతుకు దిగుతూ పోతే, అదే నేల కింది నీళ్ల మీద ఆధారపడ్డ ఊరి తాగునీటి బోరు ముందు ఎండుతుంది. 1972-73లో కేంద్రం సత్వర గ్రామీణ నీటి సరఫరా పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఊళ్లలో చేతిబోరింగులు, ఆ తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకులు, వీధి కొళాయిలు వచ్చాయి. సర్కారు కట్టింది, ఊరు వాడుకుంది. నిర్వహణ ఎవరిదన్న దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు కూడా ఉంది. కట్టడం ఉంటే నీళ్లున్నట్టే అన్న భ్రమకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ కథలో కర్నూలు జిల్లాకు గౌరవం తెచ్చిన ఘట్టం 1990ల్లో మొదలైంది. నెదర్లాండ్స్ సాయంతో 1995 నుంచి 2003 దాకా నడిచిన ఏపీవెల్ పథకంలో ఒక్కో బోరును కొన్ని చిన్న రైతు కుటుంబాలు కలిసి వాడుకున్నాయి. దాని వెనకే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల సొంత యాజమాన్యంలో భూగర్భజలాల పథకం, ఏపీఫామ్స్, వచ్చింది. అప్పటి కర్నూలు జిల్లాలోని ముత్యాలపాడు కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ దానికి ఇరుసుగా నిలిచింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెల్లో రైతులే వానమాపకంలో వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి పరిశీలన బోర్లలోకి టేపు వదిలి నీటిమట్టం చూశారు, డ్రమ్ము పెట్టి అది ఎన్ని సెకన్లలో నిండుతుందో లెక్కగట్టి బోరు పోసే నీటిని కొలిచారు. ఆ అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనపడేలా రాశారు. రబీకి ముందు ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్లవాళ్లు కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవి ఎన్ని అని బడ్జెట్టు వేసుకున్నారు. ఎవరినీ వరి వేయొద్దని శాసించలేదు. లెక్క చూసుకున్న రైతులు చాలామంది తమంతట తామే తక్కువ నీటి పంటలకు మారారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భజలాల మీద వెలువరించిన నివేదికలో దీన్ని మెచ్చుకుంది. పోరుమామిళ్ల శాసనం నీటి శాస్త్రం ఎరిగిన పండితుడు కావాలంది. ఇక్కడ ఆ శాస్త్రం బడికి పోని రైతు మహిళల చేతిలోకి కూడా వచ్చింది. ఈ సీమ తన చరిత్రలో సాధించిన పెద్ద విజయాల్లో ఇదొకటని నేను నమ్ముతున్నాను.

అయినా దాని బలహీనతను దాచడం మేలు కాదు. పథకం ముగిశాక ఆ పల్లెలకు వెళ్లిన పరిశోధకుల్లో కొందరు ఫలితాలు చెప్పినంత విస్తారంగా లేవని, నిధులు ఆగాక కొలతలు పలుచబడ్డాయని రాశారు. వాళ్లను కొట్టిపారేయనక్కర్లేదు. ఇందులో నాకు కనిపించేది పాత పాఠమే. నీళ్లను కొలిచే పనికి జీతం పథకం నుంచి వచ్చింది, ఊరి ఆదాయం నుంచి రాలేదు. టేపు పట్టుకుని బోరు దగ్గరికి వెళ్లే మనిషికి ఆయకట్టు నుంచి మేర లాంటిది ఏదీ ఏర్పడలేదు. తెలివి ఊరిలోనే ఉండిపోయింది, దాన్ని రోజూ వాడే మనిషికి కూలి ఆగింది.

ఇంటింటి కొళాయి కథ కూడా ఇదే మలుపు దగ్గర ఉంది. 2002 డిసెంబరులో మొదలైన స్వజల్‌ధార పథకం పెట్టుబడిలో 10 శాతం ఊరు భరించాలని, నిర్వహణ మొత్తం ఊరిదేనని నియమం పెట్టింది. ఆలోచన మంచిదే, కానీ పెట్టుబడిలో ఆ పదో వంతు కట్టించుకోవడం మీద ఉన్న శ్రద్ధ, తర్వాత నెలనెలా వచ్చే ఖర్చు మీద లేకపోయింది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇంటి కొళాయిలో రావాలంటుంది. గ్రామ నీటి సంఘంలో సగం మంది మహిళలు ఉండాలంటుంది, మళ్లీ ఊరి వాటా అడుగుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే షరతుల నిధుల్లో తాగునీటికి విడిగా భాగం పెట్టింది. కాగితం మీద ఇవన్నీ సరైన దిశలోనే ఉన్నాయి. అయితే తెల్లవారుజామున మోటారు స్టార్టరు నొక్కి, ఒక వీధి వాల్వు కట్టి ఇంకో వీధి వాల్వు తిప్పే మనిషి పరిస్థితి చూడండి. పంచాయతీ ఇచ్చే కొద్ది వేతనం, అదీ నెలలు ఆలస్యంగా. పక్కనే పంచాయతీల కరెంటు బకాయిలు పేరుకుపోయి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను ఆ బకాయిల కింద జమచేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కారు. ఊరికి వచ్చిన డబ్బు ఊరి పేరుతోనే పైన సర్దుబాటయిపోతే, 1858 నాటి కథకూ దీనికీ తేడా వెతుక్కోవాలి. నెలకు ఇంటికి ఎంత, పేద ఇంటికి ఎంత తగ్గింపు, వాల్వు తిప్పే మనిషికి ఎంత, మోటారు కాలిపోతే ఏ ఖాతా నుంచి అన్న నాలుగు లెక్కలు గ్రామసభలో తేలి, ఊరి ఖాతాలో ఉండి, పైవాళ్లు ముట్టుకోకుండా ఉన్నప్పుడే ఉమ్మడి శ్రమకు అర్థం ఉంటుంది.

చివరగా, రాయలసీమ నీటి హక్కుల కోసం పోరాడేవాళ్లు ఒక మాట అంటారు. ఊరి పద్దులంటూ, నీటి బడ్జెట్లంటూ మాట్లాడటం మాకు రావలసిన కృష్ణా నీళ్లను మరిపించడానికేనని. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం తుంగభద్ర, కృష్ణా నీళ్లలో రాయలసీమకు ముందు హక్కు అన్నది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు వైపు ఊళ్లెన్నో మునిగాయి, మునిగినవాళ్ల నేలకు మాత్రం ఆ నీళ్లు ఏళ్ల తరబడి రాలేదు. 2016 మే 31న వేలమంది రైతులు కృష్ణ మీద కట్టాలని కోరుతున్న సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేయడానికి నడిచి వెళ్లారంటే దాని వెనక ఉన్న బాధ ఆషామాషీది కాదు. ఆ డిమాండు న్యాయమైనదే, దానికి నేను పూర్తిగా కట్టుబడి ఉన్నాను. మన్రో చెప్పినట్టు స్థానిక వాన నీటితో నిలపగల చెరువులన్నీ ఎప్పుడో నిలిపేశారు. సీమకు బయటి నది నీళ్లు కావాలి. నది నీళ్లు వచ్చిన రోజు కూడా అవి సుంకేసుల దగ్గర పుట్టిన ప్రశ్ననే ఎదుర్కొంటాయి. పిల్లకాలువ ఎవరు తీయాలి, చివరి మడికి ఎవరు పూచీ. 1997లో రాష్ట్రం నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చి పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టింది. నీటి తీరువలో సంఘాలకు రావలసిన వాటా వేళకు రానిచోట ఆ సంఘాలు పేరుకే మిగిలాయి. హక్కు కోసం కొట్లాడేవాళ్లే ఈ పంపకం కోసం కూడా కొట్లాడాలి. రెండూ ఒకే పోరాటంలో భాగాలు.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి, నీళ్లు కొంచెం ఆయకట్టు ఎక్కువ కావడం, ఇవాళ నేల కిందికి దిగింది. దాన్ని అడ్డుకునే చట్టం మనకు 2002 నుంచీ ఉంది. జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం, జనం వాల్టా అంటారు. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. బోరు బండి ఊళ్లోకి వచ్చేది ఎక్కువగా రాత్రిపూట, తెల్లారేసరికి పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఆ సమయంలో ఊళ్లో మెలకువగా ఉండి, ఆ 250 మీటర్లు ఎక్కడిదాకా ఉందో తెలిసి, బండికి అడ్డం నిలబడే బాధ్యతను ఏ గ్రామ నీటి సంఘమైనా ఒక మనిషికి జీతమిచ్చి అప్పగించవచ్చు. అందుకు కొత్త చట్టం అవసరం లేదు.